బెజవాడలో కారు లేకుండా కాపురం కుదురుతుందా?

కొత్తకాపురం · శుక్రవారం రాత్రి

నమస్తే అండి. వచ్చే నెల హైదరాబాద్ నుంచి విజయవాడ మారుతున్నాం. నా ఆఫీసు మంగళగిరిలో, హైవే పక్కనే. మా ఆవిడకు గవర్నర్‌పేటలో ఉద్యోగం. పాపను ఒకటో తరగతిలో చేర్చాలి. అమ్మ మాతోనే ఉంటుంది, మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ దూరం నడవలేదు. మాకున్నది ఒక స్కూటీ.

స్నేహితుల్లో ఒకాయన పోరంకి అవతల కొత్త అపార్ట్‌మెంట్ తీసుకుని కారు కొనుక్కోమంటున్నాడు. ఇంకొకాయన అసలు గుంటూరులోనే ఉండమంటున్నాడు. నాకైతే కారు కొనాలని లేదు. ఈఎంఐ సంగతి అలా ఉంచితే, హైదరాబాద్ ట్రాఫిక్‌లో కూర్చుని కూర్చుని విసుగెత్తిపోయింది. బెజవాడ చిన్న ఊరే కదా, కారు లేకుండా గడుస్తుందా? ఏ పేటలో ఇల్లు చూడమంటారు?

ప్లాట్లు వెంచర్లు · శుక్రవారం రాత్రి

కంకిపాడు వైపు చూడండి సార్. బందరు హైవే, బెంజి సర్కిల్‌కి అరగంట. ఊళ్లో ఇరుకు ఫ్లాటుకి అద్దె పోసే బదులు అదే డబ్బు బ్యాంకుకి కడితే సొంత ఇల్లు అవుతుంది. పదేళ్లలో ఊరంతా అటే వస్తుంది. మెసేజ్ పెట్టండి, లేఅవుట్ కాపీ పంపిస్తా.

పటమటలంక · శుక్రవారం రాత్రి

ఆ అరగంట ఏ వేళప్పుడండీ? సాయంత్రం ఆరింటికి కానూరు నుంచి బెంజి సర్కిల్ దాటడానికే అది సరిపోదు.

కొత్తకాపురం గారూ, ముందు ఇల్లు చూడకండి. మీరిద్దరూ వెళ్లాల్సిన ఆఫీసులు, పాప బడి, మీ అమ్మగారి డాక్టరు, కూరగాయలు, ఇవన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకుని, వాటి మధ్యలో ఇల్లు వెతుక్కోండి. మేం పటమటలో ఉంటాం. రైతు బజారు నడిచి వెళ్లే దూరంలోనే, కిరాణా సందు చివర, పిల్లలు చదివిన బడి రెండు వీధుల అవతల. మా ఇంట్లో కారు ఉంది, ఎక్కువగా పెళ్లిళ్లకీ, ఊరికీ తీస్తాం. ఊళ్లో తీస్తే పార్కింగ్ టెన్షన్. బీసెంట్ రోడ్డుకి కారేసుకుని వెళ్లి, ఎక్కడా చోటు దొరక్క చుట్టూ తిరిగి ఇంటికొచ్చిన వాళ్లు మా అపార్ట్‌మెంట్లోనే ఉన్నారు.

మీ ఆవిడది గవర్నర్‌పేట అంటున్నారు కాబట్టి సూర్యారావుపేట చూడండి. కాస్త చవగ్గా కావాలంటే కృష్ణలంక. సూర్యారావుపేటలో అడుగడుక్కీ ఆసుపత్రే, మీ అమ్మగారికి అదొక ధైర్యం.

బ్రాడీపేట 4/14 · శుక్రవారం రాత్రి

మా గుంటూరుని అంత తేలిగ్గా దాటేశారేం మేడం? కారు లేకుండా బతకాలంటే బ్రాడీపేట, అరండల్‌పేట తర్వాతే ఏదైనా. ఎప్పుడో గీసిన గళ్ల వీధులు, లైన్లు ఒకవైపు, అడ్డరోడ్లు ఇంకోవైపు. నా పేరు పక్కన ఉన్న 4/14 అదే, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. కొత్తవాడికి చిరునామా చెప్పాలంటే రెండు అంకెలు చాలు. ఒక సందు ఇరుక్కుంటే పక్క సందులోంచి పోతాం. ట్యూషన్, టిఫిన్ సెంటర్, డయాగ్నోస్టిక్ ల్యాబ్, పుస్తకాల షాపు, బట్టల కొట్టు, అన్నీ ఇళ్ల మధ్యే. కింద కొట్టు, పైన కాపురం. ఇప్పుడు ప్లానింగ్ వాళ్లు ఇదేదో కొత్త విషయంలా ‘మిక్స్‌డ్ యూజ్’ అంటున్నారు.

ప్లానింగు పెద్దాయన · శనివారం ఉదయం

టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైరైన వాణ్ని. ఈ ప్రశ్న నాకు ఇష్టమైనది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి.

ముందు ఊరి కొలత చూద్దాం. 2011 జనాభా లెక్కల నాటికి విజయవాడ కార్పొరేషన్ విస్తీర్ణం 61.88 చదరపు కిలోమీటర్లు, జనం 10.34 లక్షలు. చదరపు కిలోమీటరుకి సగటున 16,700 మంది. ఆ విస్తీర్ణాన్ని గుండ్రంగా గీస్తే ఈ అంచు నుంచి ఆ అంచుకి దాదాపు 9 కిలోమీటర్లు. సైకిల్ మీద నింపాదిగా తొక్కినా ముప్పావు గంట. అమరావతి రాజధాని నగరానికి గుర్తించిన 217 చదరపు కిలోమీటర్లలో ఈ బెజవాడలు మూడున్నర పడతాయి. ‘కాంపాక్ట్ సిటీ’ కావాలని ఎక్కడెక్కడి వాళ్లో తపస్సు చేస్తుంటే మనకు అడక్కుండానే దొరికింది. ఒక పక్క కృష్ణ, ఒక పక్క బుడమేరు వాగు, మధ్యలో కొండలు. పరుచుకునే చోటు లేక ఊరు దగ్గరదగ్గరగా పెరిగింది.

మరి ఇంత చిన్న ఊళ్లో ఇంత అవస్థ ఎందుకు? దూరం తక్కువే గానీ దారులు తక్కువ. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఊరిని కోసుకుంటూ వెళ్తాయి. వాటికి తోడు రైలు పట్టాలు. ఎదురుగా కనిపించే ఇంటికి వెళ్లాలన్నా వంతెన దాకా పోయి తిరిగి రావాలి. బస్సు, ఆటో, లారీ, నడిచేవాడు, అందరూ ఆ వంతెన దగ్గరే పోగవుతారు. కాలువ మీద మనుషులకీ సైకిళ్లకీ పనికొచ్చే చిన్న వంతెనలు నాలుగు వేస్తే ఒక ఫ్లైఓవర్ కంటే ఎక్కువ మందికి మేలు. కానీ చిన్న వంతెనకి శంకుస్థాపన చేస్తే ఫోటో బాగా రాదు.

మెట్రో కావాలి · శనివారం ఉదయం

పెద్దాయన గారూ, చిన్న వంతెనలు సరే, బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు మీద రోజూ పోయే జనాన్ని అవి మోయలేవు. మెట్రో ఒక్కటే దారి. 2015లో ఢిల్లీ మెట్రో వాళ్లు డీపీఆర్ (పూర్తి ప్రాజెక్టు నివేదిక) ఇచ్చారు, రెండు కారిడార్లు కలిపి 26 కిలోమీటర్ల చిల్లర. ఇప్పుడు మొదటి దశ 38.4 కిలోమీటర్లకి పెంచారు. గన్నవరం నుంచి బస్టాండు, బస్టాండు నుంచి పెనమలూరు. అంచనా 11,009 కోట్లు. 2015లోనే మొదలెట్టి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

పటమటలంక · శనివారం ఉదయం

ఉండేది లెండి. మెట్రో స్టేషన్ దిగాక రోడ్డు దాటాలి కదా.

మెట్రో కావాలి · శనివారం ఉదయం

స్టేషన్‌కే ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉంటుంది మేడం.

పటమటలంక · శనివారం ఉదయం

మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని ఆ మెట్లెక్కించి చూడండి, అప్పుడు మాట్లాడదాం. నాకు బెజవాడలో భయం వేసేది దూరానికి కాదు, బందరు రోడ్డు దాటడానికి. డివైడర్‌లో సందు దొరికే చోట నిలబడి, ఎవరో ఒక మగాయన చెయ్యెత్తి దాటుతుంటే ఆయన వెనకాలే దాటాలి. ఫుట్‌పాత్ మీద జనరేటర్, దాని పక్కన కొబ్బరిబోండాలు, ఆ పక్కన స్కూటర్లు. కొబ్బరిబోండాల అతను ఉండటమే నయం, కనీసం నీడ ఉంటుంది.

ప్లానింగు పెద్దాయన · శనివారం మధ్యాహ్నం

అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం నడిచే జాగా కనీసం 1.8 మీటర్లు, ఏ అడ్డూ లేకుండా ఉండాలి. అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. రెండు వీల్‌చైర్లు ఎదురెదురుగా వస్తే తప్పుకుని పోవాలని ఆ కొలత. మన ఊళ్లో ఫుట్‌పాత్ ఉన్నచోట అది మోకాలెత్తు. ఇంటి ర్యాంపు వచ్చిన చోటల్లా దిగి ఎక్కాలి. అందుకే జనం రోడ్డు మీద నడుస్తారు. ఆ తర్వాత ‘జనానికి క్రమశిక్షణ లేదు’ అని మనమే తిడతాం.

మెట్రో సంగతి. నేను వ్యతిరేకిని కాను. 2017 జాతీయ మెట్రో విధానంలోనే ఉంది, స్టేషన్ చుట్టూ 5 కిలోమీటర్ల మేర నడక దారులు, సైకిల్, జనాన్ని స్టేషన్‌కి తెచ్చే ఫీడర్ బస్సులు చూపించాలని. ఆ పని మెట్రో వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఇవాళ చేస్తే ఇవాళే బస్సుకి పనికొస్తుంది. ఇంకో మాట, గన్నవరం దాకా రైలు వేసి దాని పక్కన పొలాలన్నీ లేఅవుట్లు కానిస్తే ఊరు తోకలా సాగుతుంది. స్టేషన్ పక్కనే ఎత్తుగా కట్టనిచ్చి, దూరంగా కట్టే వాటిని ఆపితేనే లాభం. మొదటి సగం ఉత్సాహంగా చేస్తారు. రెండో సగం దగ్గరకొచ్చేసరికి ఫైలు నడవదు.

ప్లాట్లు వెంచర్లు · శనివారం మధ్యాహ్నం

ఆపేస్తే మధ్యతరగతి వాడికి ఇల్లెక్కడిది సార్? లబ్బీపేటలో గజం రేటు తెలుసా? ఊరు పెరగకూడదంటే రేట్లు పెరుగుతాయి. అది మీ పుస్తకాల్లో ఉండదు.

ప్లానింగు పెద్దాయన · శనివారం మధ్యాహ్నం

ఉంటుంది. మీరన్నది సరైన అభ్యంతరమే. బయట ఆపి లోపల కట్టనివ్వకపోతే రేట్లు పెరుగుతాయి, అద్దెదారు నష్టపోతాడు. అందుకే లోపల కట్టనివ్వాలి. మన కొత్త అపార్ట్‌మెంట్లలో నేల అంతస్తు మొత్తం స్టిల్టు పార్కింగ్. వీధి వైపు నడుస్తుంటే కనిపించేవి కార్లు, వాచ్‌మన్ మంచం. ఆ చోట కొట్లు, క్లినిక్కులు వస్తే వీధికి కళ వస్తుంది. ఫ్లాటుతో పాటు కారు చోటుకి కూడా ధర కట్టి, కారు లేనివాడి దగ్గరా వసూలు చేస్తున్నాం. కొత్తకాపురం లాంటివాడికి కారు చోటు లేకుండా తక్కువ ధరకి ఫ్లాటు అమ్మితే ఎందుకు కొనడు?

పెద్ద రింగు రోడ్లు వేస్తే ప్రయాణం తగ్గుతుందన్న ఆశ మీద ఒక్క ముక్క. ఇటలీ శాస్త్రవేత్త మార్కెట్టి 1994లో ఒక పరిశీలన రాశాడు. మనుషులు ఏ కాలంలోనైనా, ఏ ఊళ్లోనైనా రోజుకి దాదాపు ఒక గంట ప్రయాణానికి ఖర్చు పెడతారట. వేగం పెరిగితే ఆ గంటని మిగుల్చుకోరు, ఇల్లు ఇంకాస్త దూరం జరుపుకుంటారు. అమరావతి చుట్టూ 190 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వస్తోంది. లారీలు ఊళ్లోకి రాకుండా పోవడానికి అది మంచిదే. దాని పక్కన ఎన్ని బోర్డులు లేస్తాయో ఈ వెంచర్ల సోదరుడే చెప్పాలి.

ప్లాట్లు వెంచర్లు · శనివారం మధ్యాహ్నం

లేచాయి సార్ ఆల్రెడీ. :)

నిర్వాహకుడు · శనివారం సాయంత్రం

ప్లాట్ల ప్రకటనలకు వేరే విభాగం ఉంది. ఇక్కడ ఫోన్ నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. రాజధాని రాజకీయం మొదలెట్టిన మూడో పోస్టు కూడా.

ఆటో అన్న · శనివారం రాత్రి

బస్సు, మెట్రో, కారు అన్నీ మాట్లాడారు. షేర్ ఆటో గురించి ఒక్కరూ అనలేదు. బెజవాడ నడిచేది మా మీద. టైం టేబుల్ ఉండదు, స్టాపు బోర్డు ఉండదు, అయినా బెంజి సర్కిల్లో నిలబడి చెయ్యి చూపిస్తే ఎక్కడికైనా దొరుకుతుంది. రాత్రి ఆఖరి బస్సు పోయాక రైలు దిగిన వాళ్లని ఇంటికి చేర్చేది ఎవరు?

2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఉచిత బస్సు మొదలయ్యాక మెయిన్ రోడ్ల మీద మా కిరాయి పడిపోయింది. పథకం వద్దని నేను అనను, మా ఇంట్లో ఆడవాళ్లూ అదే బస్సెక్కుతారు. ప్రభుత్వం అక్టోబర్లో మాకు తలా 15,000 ఇచ్చింది, సంతోషం. కానీ మాకు కావాల్సింది చోటు. బస్టాపులోనే మేమూ ఆపుతాం, ఎందుకంటే జనం ఉండేది అక్కడే. బస్సు వెనక హారన్ కొడుతుంది, పోలీసు చలానా రాస్తాడు. స్టాపు దాటాక పాతిక అడుగుల దూరంలో నాలుగు ఆటోలకి గీతలు గీసి ఇస్తే గొడవే లేదు. మెయిన్ రోడ్డు బస్సుకి వదిలేసి, మేం సందుల్లోంచి స్టాపుకి జనాన్ని తెచ్చి పడేస్తాం. ఎవరూ మమ్మల్ని అలా అడగలేదు.

మెట్రో కావాలి · శనివారం రాత్రి

అన్నా, ఇది బాగుంది. పెద్దాయన గారు చెప్పిన ఫీడర్ అంటే ఇదే కదా.

కొత్తకాపురం · శనివారం రాత్రి

ఆటో అన్న గారూ, కృష్ణలంకలో ఉంటే మంగళగిరికి ఎలా వెళ్లడం తేలిక?

ఆటో అన్న · శనివారం రాత్రి

బస్టాండుకి నడుచుకుంటూ వెళ్లొచ్చు, లేదా కృష్ణ మీది వారధి దగ్గర ఎక్కొచ్చు. మంగళగిరి సిటీ బస్సు, గుంటూరు బస్సు ఏదొచ్చినా ఎక్కేయండి. పొద్దున మీరు పోయేది ఊరికి ఎదురు దిక్కు, సీటు దొరుకుతుంది. సాయంత్రం రావడమే కష్టం, వారధి మీద బండ్లు నిలబడిపోతాయి.

బ్రాడీపేట 4/14 · శనివారం రాత్రి

రైలు కూడా ఉంది. విజయవాడ–గుంటూరు లైన్లో కృష్ణా కెనాల్ దాటాక మంగళగిరి స్టేషనే. రెండు ఊళ్ల మధ్య 32 కిలోమీటర్లు. పట్టాలు వేసే ఉన్నాయి, ప్లాట్‌ఫారాలు ఉన్నాయి. ప్రతి పావుగంటకీ ఒక మెము (దగ్గర ఊళ్ల మధ్య తిరిగే కరెంటు రైలు) తిప్పితే విజయవాడ, తాడేపల్లి, మంగళగిరి, గుంటూరు ఒకే ఊరిలా అయిపోతాయి. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరు దాకా 57 కిలోమీటర్ల కొత్త లైను 2024 అక్టోబర్లో కేంద్రం ఆమోదించింది. అదొస్తే నంబూరు జంక్షన్ అవుతుంది. కొత్త మెట్రోకి 11 వేల కోట్లు వెతికే ముందు ఉన్న పట్టాల మీద బండ్లు పెంచమనండి.

మెట్రో కావాలి · ఆదివారం ఉదయం

ఆ పట్టాల మీద చెన్నై, హైదరాబాద్ బండ్లూ, గూడ్సులూ పోతాయి బాస్. విజయవాడ జంక్షన్‌లో ప్లాట్‌ఫారం ఖాళీ లేక బండ్లు ఔటర్లో నిలబడతాయి, అందరికీ తెలిసిందే. పావుగంటకొకటి ఎక్కడ దూరుస్తారు?

బ్రాడీపేట 4/14 · ఆదివారం ఉదయం

అరగంటకొకటి దూర్చమనండి. బేరం ఎక్కడో మొదలెట్టాలి కదా.

సింగ్‌నగర్ వాసి · ఆదివారం ఉదయం

అందరూ ‘దగ్గరగా కట్టాలి, ఎత్తుగా కట్టాలి’ అంటున్నారు. ఎక్కడ కట్టాలో కూడా చెప్పండి. 2024 సెప్టెంబర్లో బుడమేరు వచ్చినప్పుడు మేం సింగ్‌నగర్లో రెండో అంతస్తులో ఉన్నాం. పాలకీ మంచినీళ్లకీ పడవ కోసం చూశాం. ఊరితో మాకున్న దారి ఆ ఒక్క ఫ్లైఓవరే. స్టిల్టులో ఉన్న కార్లు, బైకులు అన్నీ మునిగాయి. మా వీధిలో తర్వాత వారాల తరబడి మెకానిక్కులదే హడావుడి.

అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, బ్యారేజీ కట్టాక అంత ఎప్పుడూ రాలేదు. కృష్ణ వైపు గోడ ఉంది కాబట్టి కృష్ణలంక బయటపడింది. మాకు బుడమేరు వైపు ఏమీ లేదు. ఊరు చిన్నదిగా, దగ్గరగా ఉండాలంటే మొదట వాగుకి చోటు వదలాలి. ఆ చోటులో లేఅవుట్ వేసి, దానికి రోడ్డు వేసి, ఆ రోడ్డు మీద బస్సు తిప్పి ‘సస్టెయినబుల్’ అంటే నవ్వొస్తుంది.

పటమటలంక · ఆదివారం ఉదయం

మా చుట్టాలు రాజరాజేశ్వరిపేటలో ఉన్నారు, మీరు చెప్పింది కళ్లారా చూశాం. కొత్తకాపురం గారూ, ఇల్లు చూసేటప్పుడు 2024లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని ఇంటాయనను కాకుండా పక్కింటి వాళ్లను అడగండి.

కొండమీద ఇల్లు · ఆదివారం మధ్యాహ్నం

వాగు సంగతి వచ్చింది కాబట్టి కొండ సంగతి కూడా రాస్తాను. వన్‌టౌన్ వైపు కొండల మీద మాలాంటి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మీ లెక్కలో మాది అసలైన కాంపాక్ట్ సిటీ. గోడకి గోడ ఆనించి ఇల్లు. కాళేశ్వరరావు మార్కెట్ దిగితే చాలు, పని దొరుకుతుంది, సరుకు దొరుకుతుంది. అందుకే ఇక్కడ ఉన్నాం. దూరంగా కాలనీలో స్థలం ఇచ్చినా చాలామంది వెళ్లలేదు, వెళ్లిన వాళ్లలో కొందరు తిరిగొచ్చారు. పొద్దున నాలుగింటికి మార్కెట్లో ఉండాల్సిన హమాలీ పదిహేను కిలోమీటర్ల అవతల ఇల్లు పెట్టుకుని ఏం చేస్తాడు?

మాకు రోడ్డు అంటే మెట్లు. గ్యాస్ సిలిండర్ భుజాన వస్తుంది. పురిటి నొప్పులొస్తే కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు దింపుతారు. చిట్టినగర్ సొరంగం దాకా వస్తే బస్సుంది, ఆటో ఉంది. ఆ పైన రెండు వందల మెట్లకి ఒక్క వీధి దీపం. మెట్లకి చేతిపట్టు కడ్డీ, మధ్యమధ్యలో కూర్చోవడానికి అరుగు, దీపాలు వేస్తే మాకు అదే మెట్రో. వాన పడితే ఇంకో భయం. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండ విరిగిపడి మనుషులు చనిపోయారు. కాబట్టి ‘ఉన్నచోటే ఉండనివ్వండి’ అని గుడ్డిగా కూడా అనలేను. బండ కిందున్న ఇళ్లు మార్చాల్సిందే. కానీ మార్చేది ఇదే వన్‌టౌన్లో, కొండ దిగువన ఎక్కడైనా నాలుగంతస్తులు కట్టి మార్చండి.

ప్లానింగు పెద్దాయన · ఆదివారం మధ్యాహ్నం

మొత్తం చర్చలో అన్నిటికంటే విలువైన పోస్టు ఇది. ఇల్లు ఉచితంగా ఇచ్చి బస్సు ఛార్జీలూ, రోజు కూలీ పోగొట్టే పథకాలు దేశమంతా ఉన్నాయి. స్థలం చవగ్గా దొరికేది దూరంగానే కాబట్టి అక్కడే కడతారు. ఆ దూరం ఖరీదు తర్వాత ఆ ఇంటివాడు రోజూ కడుతూనే ఉంటాడు.

బ్రాడీపేట 4/14 · ఆదివారం సాయంత్రం

ఎండ గురించి ఎవరూ మాట్లాడరేం? మే నెలలో మధ్యాహ్నం నడిచి రమ్మంటే ఎవరొస్తారు? ఊరికే బ్లేజ్‌వాడ అన్నారా. పారిస్ వాళ్లకి అన్నీ పావుగంటలో అందే ‘15 నిమిషాల నగరం’ బాగానే ఉంటుంది, వాళ్లకి చెమట పట్టదు.

పటమటలంక · ఆదివారం సాయంత్రం

మే నెలలో బండి మీద పోతే ఎండ తగలదా? సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు హెల్మెట్ లోపల ఉడికిపోతాం. చెట్టు కింద నడవడమే నయం. కాలువ గట్ల మీద చెట్లున్న చోట ఎండాకాలం కూడా జనం కూర్చుంటారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ముందు పోయేది ఆ చెట్లే.

బ్రాడీపేట 4/14 · ఆదివారం సాయంత్రం

చెట్ల విషయంలో మీతో గొడవ లేదు. శంకర్ విలాస్ పాత వంతెన తీసేసి కొత్తది కడుతున్నారు కదా, అప్పటి నుంచి పట్టాల అవతలి నుంచి మా వైపు రావాలంటే చుట్టు తిరుగుడే. ఒక్క వంతెన మూస్తే పక్కపక్క పేటలు పొరుగూళ్లయిపోయాయి. పెద్దాయన చెప్పిన చిన్న వంతెనల మాట మాకు ఇప్పుడు బాగా అర్థమవుతోంది. పట్టాలు దాటడానికి మనుషులకి వేరే దారి రెండు మూడు చోట్ల ఉండి ఉంటే ఈ తిప్పలు సగం తగ్గేవి.

కొత్తకాపురం · ఆదివారం రాత్రి

అందరికీ ధన్యవాదాలు. సూర్యారావుపేటలో లిఫ్టు ఉన్న పాత అపార్ట్‌మెంట్ ఒకటి చూశాం. మా ఆవిడ నడిచి వెళ్తుంది, పాప బడి కూడా నడిచే దూరమే. నేను బస్టాండు దాకా నడక లేదా ఆటో, అక్కడి నుంచి బస్సు. అద్దె పోరంకి కంటే ఎక్కువే, కారు ఈఎంఐ కలుపుకుంటే తక్కువ. ఇల్లు ఖాయం చేస్తున్నాం.

ఒక సందేహం. సత్యనారాయణపురంలో ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఒక పెద్ద రోడ్డు కనిపించింది. మధ్యలో విడిగా రెండు వరసలు ఉన్నాయి, బస్సులు మాత్రం లేవు. ఏమిటది?

పటమటలంక · ఆదివారం రాత్రి

అయ్యో, అది అడిగారా. ఇక ఈ చర్చ తెల్లారేదాకా ముగియదు.

ప్లానింగు పెద్దాయన · ఆదివారం రాత్రి

అది బీఆర్‌టీఎస్ రోడ్డు, అంటే బస్సులు ఆగకుండా పోవడానికి సొంత దారి ఇచ్చే రోడ్డు. ఒకప్పుడు అక్కడ రైలు పట్టాలుండేవి. వాటిని తీసేశాక, జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర పట్టణ పథకం డబ్బుతో, మధ్యలో బస్సులకి మాత్రమే దారి, రెండు వైపులా మిగతా బండ్లకి దారి పెట్టి రోడ్డు వేశారు. ఊరి మధ్యలో అంత వెడల్పు స్థలం ఒక్క ఇల్లు కూల్చకుండా దొరకడం ఏ ప్లానర్‌కైనా అదృష్టం. కొలంబియా రాజధాని బొగోటా 2000లో ఇలాంటి దారి మీదే బస్సులు నడిపి చూపించింది. మన దేశంలో అహ్మదాబాద్ 2009లో మొదలెట్టి ఇప్పటికీ నడుపుతోంది. ఢిల్లీ 2008లో మొదలెట్టి, కార్లవాళ్ల గోల తట్టుకోలేక 2016లో పీకేసింది. మనం పీకలేదు, నడపనూ లేదు.

ఎందుకు నడవలేదంటే, ఆ రోడ్డు మొదలయ్యే చోటుకీ, ముగిసే చోటుకీ జనానికి పని లేదు. జనం ఉండేది ఏలూరు రోడ్డు మీద, బందరు రోడ్డు మీద. ఖాళీగా దొరికిన చోట బస్సు దారి వేశాం, ఇరుకుగా ఉన్న చోట వదిలేశాం. బస్సుకి సొంత దారి అవసరమైంది ఆ ఇరుకులోనే. అమెరికా నగర రవాణా అధికారుల సంఘం లెక్క ప్రకారం పది అడుగుల వెడల్పు వరస ఒకటి కార్లకి వదిలితే గంటకి 600 నుంచి 1,600 మంది పోతారు. అదే వరస బస్సులకే ఇస్తే 4,000 నుంచి 8,000. మన 2006 జాతీయ పట్టణ రవాణా విధానం కూడా బండ్లను కాదు, మనుషులను కదిలించడం గురించి ఆలోచించమంది. బందరు రోడ్డు మీద రద్దీ వేళల్లో ఒక్క వరస బస్సుకి ఇచ్చే ధైర్యం ఉంటే, ఈ బీఆర్‌టీఎస్ ముక్కను దానికి కలిపి వాడొచ్చు.

మెట్రో కావాలి · ఆదివారం రాత్రి

దీనికి నేనూ ఒప్పుకుంటా. కార్పొరేషన్‌కి, ఆర్టీసీకి అందరం కలిసి ఒక అర్జీ రాద్దామా? మెట్రో వచ్చేలోపు ఆ మధ్య వరసల్లో బస్సులు తిప్పమని.

ఆటో అన్న · ఆదివారం రాత్రి

రాయండి, సంతకం పెడతా. స్టాపు దగ్గర ఆటోల గీతల సంగతి కూడా రాయండి.

కొండమీద ఇల్లు · ఆదివారం రాత్రి

మెట్లకి దీపాలు కూడా. వేరే అర్జీ రాస్తే దాన్ని ఎవరూ చదవరు, ఇందులోనే పెట్టండి.

సత్యనారాయణపురం వాకర్ · సోమవారం ఉదయం

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. ఇప్పుడు మాత్రం ఆగండి. ఆ మధ్య వరసల్లో రోజూ తెల్లవారుజామున నడుస్తాం. ముసలివాళ్లం, షుగర్ వాళ్లం. చుట్టుపక్కల బండి భయం లేకుండా నడిచే చోటు అదొక్కటే. దాంట్లో బస్సులు తోలితే మేం ఎక్కడ నడవాలి? మీ అందరి చర్చా నడక గురించే కదా?

ప్లానింగు పెద్దాయన · సోమవారం ఉదయం

న్యాయమైన ప్రశ్న. పక్క వరసల్లో పార్కింగ్ ఒక వైపు తీసేస్తే 1.8 మీటర్ల కంటే వెడల్పు నడక దారి వస్తుంది, రోజంతా వాడుకోవచ్చు. అది కట్టేదాకా ఉదయం ఏడింటి వరకు మధ్య వరసలు మీవి, ఆ తర్వాత బస్సులవి. అర్జీలో అలా రాద్దాం.

సత్యనారాయణపురం వాకర్ · సోమవారం ఉదయం

చలికాలంలో ఏడున్నర చేయండి. ముందు నడక దారి కట్టాలి, తర్వాతే బస్సు. ఆ క్రమం మార్చకుండా రాస్తే మా వాకర్లందరి సంతకాలూ నేను తెస్తాను.